ఉప్పుగాలికి నిలిచిన చెక్క

ఏప్రిల్ నెలాఖరుకి పిల్లల పరీక్షలు అయిపోయాయంటే చాలు, మా విశాఖపట్నంలో ఏ కాలనీ గేటు దగ్గర చూసినా సామాన్ల లారీలే! నేవీ వాళ్ళకి బదిలీలు, బ్యాంకు వాళ్ళకి బదిలీలు, ఉక్కు కర్మాగారంలో రిటైరైన వాళ్ళు క్వార్టరు ఖాళీ చెయ్యడాలు. ఒక ఇల్లు కట్టేసుకుంటుంటే మరో ఇల్లు తెరుచుకుంటూ ఉంటుంది. ఈ ఊరికి సొంత ఊరివాళ్ళకన్నా ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా వేలమంది వచ్చారు. వచ్చినవాళ్ళు మంచాలు, బల్లలు కొనుక్కున్నారు. వెళ్ళేటప్పుడు అన్నీ మోసుకెళ్ళలేరు కదా! అలా మిగిలిపోయిన సామానుతోనే మా కొత్తిల్లు నిండింది. ఆ ముచ్చట్లే ఈ వ్యాసం.

మేము పదిహేడేళ్ళు అల్లిపురంలో ఒకే పోర్షన్లో అద్దెకున్నాం. మా వారిది పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. చీటీలు పాడి, నా గొలుసు బ్యాంకులో పెట్టి, చివరికి లోను తీసుకుని వేపగుంటలో రెండు పడగ్గదుల ఫ్లాట్ కొన్నాం. తాళాలు చేతికొచ్చిన రోజు ఎంత సంతోషమో చెప్పలేను. మర్నాడు మాత్రం నేనూ మా వారూ కాగితం పెట్టుకుని లెక్క వేస్తే, నెలనెలా వాయిదా పోగా సామాన్లకి మిగిలింది సరిగ్గా నలభై వేలు. ఆ డబ్బుతో కొత్త షాపులో ఒక మంచం, ఒక భోజనాల బల్ల కొంటే సరి, చెయ్యి ఖాళీ. పైగా పిల్ల ఇంటర్మీడియెట్‌లోకి వస్తోంది. దానికో రాతబల్ల కావాలి. బట్టలకి బీరువా కావాలి. గృహప్రవేశానికి చుట్టాలు వస్తే కూర్చోడానికి నాలుగు కుర్చీలైనా ఉండాలి.

"వాయిదాల మీద కొత్తవి తీసుకుందామా?" అన్నారు మా వారు.

"ఇంటి వాయిదా ఒకటి నెత్తినుంది. మంచం మీద పడుకున్నప్పుడు కూడా వాయిదా గుర్తొస్తే నిద్ర పడుతుందా?" అన్నాను. అలా మొదలైంది మా పాత సామాన్ల వేట.

అత్తయ్యగారి మాట

ఇంట్లో అసలు చిక్కు డబ్బుది కాదు, మా అత్తయ్యగారిది. "కొత్తింట్లోకి పాత సామానా? ఎవరు వాడారో, ఏ మంచం మీద ఎవరు పోయారో! బల్లలూ కుర్చీలూ మీ ఇష్టం. మంచం మాత్రం నేనొప్పుకోను" అన్నారు. ఈ మాట మీలో చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళూ అంటారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. మంచమంటే పురుడూ, జబ్బూ, చావూ అన్నీ చూసిన వస్తువు.

కానీ అత్తయ్యగారి దగ్గర ఒక పాత టేకు పెట్టె ఉంది. పట్టుచీరలు, తాళపత్రాల్లా మడతలు పడ్డ పాత కాగితాలు అందులోనే. ఆవిడ తాతగారు రంగం వెళ్ళొచ్చి తెచ్చిన పెట్టె అది. రంగం అంటే బర్మాలోని రంగూన్. మన ఉత్తరాంధ్ర నుంచి ఒకప్పుడు ఎంతమంది స్టీమరెక్కి రంగం వెళ్ళి కూలీలుగా, గుమాస్తాలుగా పనిచేశారో పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు. 1942లో జపాను వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడాదే ఏప్రిల్ 6న మా విశాఖ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి.

"అత్తయ్యగారూ, మీ తాతగారు ఈ పెట్టెని కొత్తదే కొన్నారా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎక్కడ కొత్తది! ఎవరో దొరగారు ఊరికెళ్ళిపోతుంటే పావలాకో అర్ధకో కొన్నాడట" అని నవ్వేశారు. అప్పటికి బల్లల మటుకు అనుమతి దొరికింది. మంచం సంగతి తర్వాత చెబుతాను.

రాణిగారి కుర్చీలూ పాతవే

పాత సామాను గురించి మా అమ్మాయి ఫోన్లో చదివి వినిపించిన ఒక సంగతి మీకూ చెప్పాలి. రెండున్నర వందల ఏళ్ళ కిందట విశాఖపట్నం పేరు ఇంగ్లండు దాకా మోగింది ఎందుకో తెలుసా? కుర్చీలకీ, పెట్టెలకీ! ఇక్కడి పనివాళ్ళు టేకు, రోజ్‌వుడ్, నల్లచేవ కర్ర మీద ఏనుగు దంతం పొదిగి, దాని మీద సన్నగా పూలూ తీగలూ చెక్కి, ఆ గీతల్లో నల్లరంగు నింపేవారు. రేవు ఉండడంతో కలపకి లోటు లేదు. కుంపిణీ దొరలు తమ దేశపు కుర్చీల నమూనా ఇస్తే, మనవాళ్ళు దాన్నే చేసి మన పువ్వులు అద్దేవారు. ఆ పెట్టెలూ కుర్చీలూ ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి.

ఇంకా విచిత్రం వినండి. మద్రాసు గవర్నరుగా చేసి వెళ్ళిన అలెగ్జాండర్ వించ్ అనే దొర చనిపోయాక, 1781లో ఆయన సామాను వేలం వేశారు. అందులో మన వైపు పనివాళ్ళు చేసిన దంతపు కుర్చీలని ఇంగ్లండు రాజు మూడో జార్జి, రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అంటే రాణిగారు కూర్చున్నవి కూడా వేలంలో కొన్న పాత కుర్చీలే! అత్తయ్యగారికి ఇది చెబితే, "రాణికే లేని పట్టింపు నాకెందుకులే" అన్నారు. (దంతం పొదిగిన వస్తువు ఎక్కడైనా కనిపించినా మీరు మాత్రం కొనకండి. ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నిషేధం. ఏనుగుల ఉసురూ మనకొద్దు.)

ఎక్కడెక్కడ తిరిగామంటే

మొదట వన్ టౌన్. కురుపాం మార్కెట్ దాటి లోపలికి వెళ్తే పాత మండువా ఇళ్ళూ, మేడలూ ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటీ పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. పడగొట్టే ఇంటి ముందు దూలాలు, వాసాలు, తలుపులు, ద్వారబంధాలు వరసగా పేర్చి ఉంటాయి. అక్కడ పనిచేసే మేస్త్రిని పలకరిస్తే చాలు, లోపల ఏమున్నాయో చెబుతాడు. మాకు అక్కడే ఒక పడక కుర్చీ దొరికింది. చేతులు పొడుగ్గా ముందుకి సాగి ఉన్న పాతకాలపు కుర్చీ. గుడ్డ చిరిగి వేలాడుతోంది గానీ చట్రం గట్టి టేకు. పదిహేను వందలకిచ్చారు. అక్కడే నాలుగు సొరుగుల రాతబల్ల కూడా కనపడింది. గుబ్బలు ఒక్కటీ లేవు, పై బల్ల మీద సిరా మరకలు. పద్దెనిమిది వందలు. మా అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "చూద్దువుగానీ ఉండవే" అన్నాను.

రెండోది గాజువాక వైపు. అక్కడ పాత సామాన్లు కొని అమ్మే చిన్న చిన్న కొట్లున్నాయి. బేరం ఎలా ఉంటుందో వినండి.

"బీరువా ఎంత బాబూ?"

"ఏడు వేలమ్మా. పాతకాలం రేకు తల్లీ ఇది. ఇప్పటి రేకులాగ నొక్కితే గుంట పడిపోదు, సూడండి" అని పిడికిలితో గుద్ది చూపించాడు.

నేను మాట్లాడకుండా వంగి, అడుగు భాగం కింద వేళ్ళు పెట్టి తడిమాను. తుప్పు పొరలు పొరలుగా రాలింది. వేళ్ళు అతనికి చూపించాను.

"సముద్రం ఊరు కదమ్మా, ఆమాత్రం తుప్పు నేకపోతే ఎలాగ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాలుగున్నర వేలకి తెగింది.

మూడోది ఉక్కునగరం. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్ల మీదికొచ్చిన రోజులు మా నాన్నగారు చెప్పగా విన్నాను. 1971లో ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారం కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలతో ఏర్పడిన ఊరు అది. చెట్ల నీడలో వరసగా క్వార్టర్లు. రిటైరైతే క్వార్టరు ఇచ్చెయ్యాలి. మాకు తెలిసినవాళ్ళ ద్వారా ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. ఇద్దరు పిల్లలూ వేరే దేశాల్లో. ఆయనా ఆవిడా సొంత ఊళ్ళో రెండు గదుల ఇంటికి వెళ్ళిపోతున్నారు. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, వేపకర్రా టేకూ కలిపి చేసినవి, ఏడు వేలు చెప్పారు. బేరమాడడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఆవిడ బల్లని కొంగుతో తుడుస్తూనే ఉన్నారు.

"ఈ బల్ల కింద చూడమ్మా" అన్నారు. వంగి చూస్తే కంపాసు ములికితో గీసిన ఎక్కాలు. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయింది. "మా చిన్నాడు. అన్నం తినమంటే బల్ల కిందికి దూరేవాడు" అన్నారు. ఆవిడ గొంతు ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "మీ అబ్బాయి ఎన్నో క్లాసు?" అని అడిగారు. ఎనిమిది అంటే, "అయితే మిగతావి వాడు రాస్తాడులే" అని నవ్వారు. వస్తువు కొనడం అంటే డబ్బిచ్చి తెచ్చుకోవడమే కాదని నాకు అక్కడ అర్థమైంది. ఇచ్చేవాళ్ళు ఎవరికిస్తున్నామా అని చూసుకుంటారు.

నాలుగోది సింధియా, మల్కాపురం వైపు. యారాడ కొండ నీడన నేవీ వాళ్ళ నివాసాలు. అక్కడే మా మంచం దొరికింది. ఉత్తరాది ఆవిడ. ఆయన కొచ్చిలో ఉండగా కొన్న కేరళ టేకు డబుల్ కాటు. అక్కడినుంచి విశాఖకి తెచ్చుకున్నారు. ఇప్పుడు ముంబయి బదిలీ. అక్కడ ఇల్లు ఇరుకట. అత్తయ్యగారి ప్రశ్న నేను సూటిగానే అడిగేశాను. వచ్చీరాని హిందీలో, "భాభీజీ, ఏమీ అనుకోకండి. ఈ మంచం మీద ఎవరైనా జబ్బుపడి పోయారా?" అని. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, "మా అత్తగారూ ఇలాగే అడుగుతారు" అని నవ్వి, తన ఇద్దరు పిల్లలూ ఈ మంచం మీదే పాకారని, ఫోన్లో ఫొటోలు తీసి చూపించారు. ఆ ఫొటో ఒకటి నేను అత్తయ్యగారి కోసం పంపించమన్నాను. బోసినవ్వుల పిల్లలిద్దరూ ఆ మంచం తలగడ పట్టె పట్టుకుని నిలబడ్డ ఫొటో. అది చూశాక అత్తయ్యగారు ఏమన్నారో తెలుసా? "పిల్లలు పెరిగిన మంచం మంచిదే" అన్నారు. తొమ్మిదిన్నర వేలు. అదే మా మొత్తం సామానులో ఖరీదైనది.

ఇప్పుడు ఫోన్లో అమ్మకాల పేజీలూ, కాలనీ గ్రూపులూ వచ్చాయి. వాటిలో కబురు తెలుసుకోవచ్చు. కానీ ఫొటో చూసి డబ్బు పంపెయ్యకండి. వెళ్ళి, తాకి, వాసన చూసి, అప్పుడే కొనండి. ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళకుండా ఇంకెవరినైనా వెంటబెట్టుకు వెళ్ళడం మంచిది.

ఉప్పుగాలి పరీక్ష

మా ఊరి గాలిలో ఉప్పుంటుంది. ఉప్పుకి తేమని లాక్కునే గుణం ఉంది కదా. వర్షాకాలంలో మన ఉప్పుజాడీ ఎలా చెమ్మగిలుతుందో, గాలిలోని ఉప్పు పడ్డ ఇనుమూ అలాగే ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకే ఇక్కడ గేట్లూ, కిటికీ ఊచలూ, బీరువా అడుగులూ తొందరగా తుప్పు పడతాయి. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన అట్టల అలమరాలైతే చెమ్మ తగిలితే బూరెల్లా ఉబ్బిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీలు ఊడి వాన ఇళ్ళల్లోకి కొట్టింది. తర్వాత వారం రోజులు మా వీధి చివర ఉబ్బిపోయిన అట్ట అలమరాలు గుట్టలుగా పడి ఉన్నాయి. పక్కింటి బామ్మగారి పాత టేకు అలమరా మాత్రం ఎండలో నాలుగు రోజులు ఉంటే మళ్ళీ మామూలైపోయింది. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. అందుకే నీటికీ చెదలకీ తట్టుకుంటుంది. పూర్వం ఓడలు కట్టడానికి దాన్నే కోరుకునేవారు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఇరవై ముప్ఫై ఏళ్ళు ఈ సముద్రపు గాలిలో ఉండి కూడా వంకర పోని చెక్క, పరీక్ష పాసైన చెక్క. కొత్తది ఎలా ఉంటుందో రెండు వర్షాకాలాలు చూస్తేగానీ తెలియదు. పాతదాని మార్కులు కళ్ళముందే ఉంటాయి. మరి చూసి కొనేటప్పుడు ఏం చూడాలి?

కుర్చీ అయితే కూర్చుని అటూ ఇటూ ఊగండి. కిర్రుమంటే అతుకులు వదులైనట్టు. అది బాగుచెయ్యొచ్చు, భయం లేదు. కాలు విరిగి మేకులతో అతికించి ఉంటే మాత్రం వద్దు. బల్లని తలకిందులు చేయించి చూడండి. పైన పాలిష్ మోసం చేస్తుంది గానీ కింద నిజం ఉంటుంది. చిన్న రంధ్రాలు ఉండి, వాటి కింద పిండిలాంటి పొడి కొత్తగా రాలుతుంటే లోపల పుచ్చుపురుగు ఇంకా బతికే ఉంది. మట్టి గీతలు ఉంటే చెదలు. వేలి కణుపుతో కొట్టి చూడండి, గుల్ల చప్పుడు రాకూడదు. కాళ్ళ మీద జానెడు ఎత్తున నీళ్ళ మరక గీత ఉంటే ఎప్పుడో నీళ్ళల్లో నిలిచిందన్నమాట. కాళ్ళ చివర గుండుసూది గుచ్చితే దిగిపోతుందేమో చూడండి. మంచం పట్టెల సందుల్లో నల్లులు ఉంటాయి. నల్లటి చుక్కలు కనిపిస్తే ఆ ఇంటి గుమ్మం దిగొచ్చెయ్యండి. పరుపు, దిండ్లు, గుడ్డ సోఫాలు ఎంత చవకైనా పాతవి వద్దు. మేము పరుపు మాత్రం కొత్త దూదితో కుట్టించుకున్నాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొలతలు. పిల్లల్ని రామకృష్ణా బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు నాకు ఇది బాగా తట్టింది. అది 91 మీటర్ల పొడవున్నా లోపల నడవడానికే సందు. అందులో డెబ్బై మందికి పైగా మనుషులు పడుకోవాలి, వండుకోవాలి, తినాలి. ఒకదాని మీద ఒకటి పడకలు, గోడకి అతికినట్టు బల్లలు. ఒక్క బెత్తెడు చోటు వృథా చెయ్యలేదు. ఇంటికొచ్చి మా ఫ్లాట్ గుమ్మాలు, మెట్ల మలుపు, లిఫ్టు తలుపు అన్నీ టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని, ఆ కాగితం హాండ్‌బ్యాగులో పెట్టుకునే ఎక్కడికైనా వెళ్ళాను. పట్టెలు విడదీసే మంచం ఎంత పెద్దదైనా పైకెక్కుతుంది. విడదీయలేని అలమరా మెట్ల మలుపులోనే ఆగిపోతుంది.

బాగుచేసిన మూడు వారాలు

గృహప్రవేశానికి మూడు వారాలుండగా సామాన్లన్నీ డాబా మీదికి చేర్చాం. ముందు మూడు రోజులు పూర్తి ఎండ. మంచం సందుల్లో మరుగుతున్న నీళ్ళు పోసి, మళ్ళీ ఎండబెట్టి, అత్తయ్యగారి తృప్తి కోసం పసుపు నీళ్ళతో తుడిచాం. తర్వాత వడ్రంగి మేస్త్రిగారు మూడు రోజులు వచ్చారు, రోజుకి పదకొండు వందలు. ఆయనది విజయనగరం వైపు. కుర్చీల వదులు అతుకుల్ని విప్పి, పాత జిగురు గీకేసి, కొత్త జిగురు పెట్టి, తాడుతో మెలిపెట్టి రాత్రంతా కట్టి ఉంచారు. "ఈ కుర్సీలు కొట్టినోడెవడో గానీ సేతిలో పనుందమ్మా. ఒక్క మేకు ఏయలేదు, సూడండి" అని తనలో తనే మురిసిపోయారు. రాతబల్ల పై బల్లకి చిత్రిక పట్టేసరికి సిరా మరకల కింద నుంచి బంగారు రంగు టేకు బయటికొచ్చింది. అప్పుడు చూడాలి మా అమ్మాయి మొహం!

గరుకు కాగితం రుద్దడం, పాలిష్ పెట్టడం మేమే చేసుకున్నాం. చెక్క చార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు ఎప్పటికీ పోవు. ముందు గరుకుది, తర్వాత నున్నది. పాత రంగులున్న వస్తువుని పొడిగా రుద్దకండి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది, ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు. తడిపి రుద్ది, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆ నీళ్ళు జాగ్రత్తగా పారబొయ్యండి.

మంచానికి, పడక కుర్చీకి లక్క పాలిష్ పెట్టాం. లక్క రేకుల్ని స్పిరిట్లో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. పాత బనీను గుడ్డలో దూది పెట్టి మూటలా కట్టి, ముంచి పిండి, పల్చగా పూతలు వెయ్యాలి. ఒక్కసారే మందంగా వేస్తే జిగట జిగటగా ఉండిపోతుంది. ఎండ బాగా ఉన్న పొడి రోజునే వెయ్యాలి. గాలిలో చెమ్మ ఉంటే తెల్లగా బూజు పట్టినట్టు అయిపోతుంది. స్పిరిట్ చటుక్కున అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా చెయ్యండి. భోజనాల బల్లకి లక్క పాలిష్ పనికిరాదు. వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది. దానికి షాపులో పి.యు. పాలిష్ అడిగి తెచ్చి వేశాం. బల్ల కింద ఎక్కాలు మాత్రం అలాగే ఉంచాం.

బీరువా పని మా వారు, మా అబ్బాయి తీసుకున్నారు. ఇనప బ్రష్షుతో తుప్పు గీకి, గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూశారు. గీకి వదిలేస్తే మా ఊరి గాలికి రాత్రికి రాత్రే మళ్ళీ తుప్పు మొదలవుతుంది. దాని మీద రెండు పూతలు ఎనామెల్ రంగు. అడుగు భాగం కింద ఇంకో పూత ఎక్కువ. బీరువా కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టాం. ఇల్లు తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్ళు తగలకుండా.

రాతబల్లకి గుబ్బలు లేవన్నాను కదా. ఏటికొప్పాక లక్కపిడతలు మనందరికీ తెలిసినవే. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అంకుడు కర్రని తిప్పుతూ, లక్కతో రంగులద్దుతారు. చెట్ల బెరళ్ళు, గింజలు, పసుపు లాంటివాటితో చేసిన రంగులు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళు సొరుగుల గుబ్బలు కూడా చేస్తారు. నాలుగు సొరుగులకి ఎనిమిది గుబ్బలు, పసుపూ ఎరుపూ కలిపి, మూడు వందలకి తెచ్చాం. పాత బల్ల పెళ్ళికూతురిలా అయిపోయింది. ఇప్పుడు మా అమ్మాయి ఎవరొచ్చినా ముందు ఆ బల్లే చూపిస్తుంది.

ఖర్చు ఎంతయ్యింది?

చెల్లెళ్ళందరూ అడిగేది ఇదే కాబట్టి లెక్క చెప్పేస్తాను. మంచం 9,500, భోజనాల బల్ల కుర్చీలు 7,000, బీరువా 4,500, రాతబల్ల 1,800, పడక కుర్చీ 1,500, మొత్తం సామాను 24,300. బండి కిరాయి నాలుగు వైపుల నుంచీ కలిపి 2,800. మేస్త్రిగారికి 3,300. పాలిష్, రంగు, గరుకు కాగితం, జిగురు 2,900. పడక కుర్చీకి కొత్త కాన్వాసు గుడ్డ 600. గుబ్బలు 300. కొత్త పరుపు 5,200. వెరసి 39,400. ఆరు వందలు మిగిలాయి. ఆ డబ్బుతో మేస్త్రిగారి కుటుంబానికి స్వీట్లూ, గుమ్మానికి మామిడాకుల తోరణం పక్కన కట్టడానికి బంతిపూలూ వచ్చాయి.

గృహప్రవేశం రోజున మా ఆడపడుచు బల్ల మీద చెయ్యి వేసి, "వదినా, ఎక్కడ చేయించారు? ఇంత దళసరి చెక్క ఇప్పుడెక్కడ దొరుకుతోంది?" అని అడిగింది. దాచడానికి ఏముంది? "ఉక్కునగరంలో ఒకరి దగ్గర కొన్నాం" అని చెప్పాను. ఒకరిద్దరు మొహమొహాలు చూసుకున్నారు. అప్పుడు పడక కుర్చీలో కూర్చున్న అత్తయ్యగారు గొంతు సవరించుకుని, "ఇంగ్లండు రాణి కూడా వేలంలో కొన్న కుర్చీలోనే కూర్చుందట. అదీ మన విశాఖ వాళ్ళు చేసిందే" అన్నారు. ఇంకెవరు మాట్లాడతారు!

ఇంట్లో పాతబడ్డ సామానుంటే మీరూ పారెయ్యకండి, వానలో వదిలెయ్యకండి. ఒకసారి తలకిందులు చేసి చూడండి. అవసరం లేకపోతే, ఇల్లు కొత్తగా పెట్టుకునే ఏ పిల్లకైనా సరసమైన ధరకి ఇవ్వండి. మనకి కాలం చెల్లిన బల్ల ఇంకొకరింట్లో పదమూడో ఎక్కం దగ్గర నుంచి మొదలుపెడుతుంది.

కొన్ని చిట్కాలు

• వర్షాకాలంలో సొరుగులు పట్టేస్తే, పక్క చెక్కలకి కొవ్వొత్తి గానీ ఎండిన సబ్బు ముక్క గానీ రుద్దండి. సులువుగా జరుగుతాయి.

• చెక్క సామాను గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి. గాలి ఆడితే బూజు పట్టదు, చెదలు పాకితే కనపడుతుంది.

• మంచం, బల్ల కాళ్ళకి రబ్బరు తొడుగులు వెయ్యండి. తడిగుడ్డ నీళ్ళు చెక్కలోకి ఎక్కవు.

• సముద్రం వైపు కిటికీలుంటే ఇనప సామాన్ని వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఉప్పు పేరుకోదు.

• బీరువాలో బట్టల మధ్య ఎండిన వేపాకు గుడ్డసంచిలో పెట్టండి. నెలకోసారి మార్చండి.

• పుచ్చు రంధ్రాలున్న వస్తువు ఇంట్లోకి తెచ్చేముందే మందు వేయించి, పది రోజులు బయట ఉంచి, కొత్త పొడి రాలడం లేదని చూసుకున్నాకే లోపలికి తీసుకెళ్ళండి.